పుస్తకంలో అట్లనే ఉంది సార్!

మీరడిగారు, మేం చెప్తున్నాం

పోయిన సంచికలో స్కూలు బయాలజీ పుస్తకాల్లో, గైడుల్లో మీకు తేడాగా అనిపించినవి రాసి పంపమన్నాం. చాలానే వచ్చాయి. కొన్ని ఉత్తరాల్లో పుస్తకం కరెక్టే, రాసినవాళ్లే పొరపడ్డారు, వాటిని పక్కన పెట్టాం. అచ్చుతప్పులు కూడా వదిలేశాం, "కణం" బదులు "కనం" అని పడితే పిల్లలు ఎలాగోలా సర్దుకుంటారు. ఇక్కడ వేసినవి వేరే రకం. పుస్తకాలు మారినా, సిలబస్ మారినా, బొమ్మతో సహా అలాగే దిగుతూ వస్తున్నవి.

ప్రశ్న: మా పాప ఏడో క్లాసు. సైన్స్ గైడులో నాలుక బొమ్మ ఉంది, కొసన తీపి, పక్కల ఉప్పు, పులుపు, వెనకాల చేదు అని. అది తప్పని పాప ఎక్కడో వీడియోలో చూసి, యూనిట్ టెస్టులో "నాలుక అంతటా అన్ని రుచులూ తెలుస్తాయి" అని రాసింది. సున్నా వేశారు. టీచర్ని అడిగితే కీలో అలా లేదమ్మా అన్నారు. ఇప్పుడు పాపకి నేనేం చెప్పాలి?
– ఒక అమ్మ, కూకట్‌పల్లి

జవాబు: పాప రాసిందే కరెక్టండి. ముందు ఆ మాట పాపకి గట్టిగా చెప్పండి, మార్కు సంగతి తర్వాత.

ఆ బొమ్మ కథ కాస్త పొడుగే. 1901లో హేనిగ్ అనే జర్మన్ సైంటిస్టు నాలుక అంచుల వెంబడి ఒక్కో రుచి ద్రావణం తాకిస్తూ, ఎంత పలచగా ఉన్నా ఎక్కడ తెలుస్తుందో కొలిచాడు. తేడాలు కనపడ్డాయి కానీ చాలా కొంచెం. తర్వాత 1942లో అమెరికాలో ఎడ్విన్ బోరింగ్ అనే సైకాలజీ ప్రొఫెసర్ అవే లెక్కల్ని తన పుస్తకంలో గ్రాఫ్‌గా గీశాడు, ఆ గ్రాఫ్ చూస్తే తేడా ఆవగింజంతో కొండంతో అర్థం కాదు, గీత కిందికి దిగిన చోట ఆ రుచి అసలు తెలీదేమో అనిపిస్తుంది. ఇంకేముంది, నాలుకని జిల్లాలుగా విడగొట్టేశారు. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్లీ ఓపిగ్గా కొలిస్తే రుచి మొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయని, తేడా ఉన్నా లెక్కలోకి తీసుకునేంత కాదని తేలింది. యాభై ఏళ్లు దాటింది, గైడు వేసేవాళ్లకి ఆ కబురు ఇంకా అందలేదు. ఐదో రుచి ఉమామి గురించి జపాన్‌లో ఇకెడా చెప్పింది 1908లో, ఆ బొమ్మలో దానికి అసలు చోటే లేదు, గమనించారా?

ఇంట్లో చూపించడం ఈజీ. కాకరకాయ ఉడికించిన నీళ్లు, నిమ్మరసం, ఉప్పు నీళ్లు, పంచదార నీళ్లు తలా ఒక గిన్నెలో పోయండి. ఒక కాగితం మీద నాలుగు రుచుల పేర్లూ రాసి పాప ముందు పెట్టండి. నాలుక బయట పెట్టమని, టిష్యూతో తడి ఒత్తేసి, ఇయర్‌బడ్‌ని కాకర నీళ్లలో ముంచి కొసకి మాత్రమే తాకించండి. నాలుక లోపలికి లాక్కోకుండానే ఏ రుచో కాగితం మీద వేలితో చూపించాలి, లాక్కుంటే ఉమ్ముతో నోరంతా పాకిపోతుంది, ఇక టెస్టు వేస్టు. చేదు కొస మీదే తెలుస్తుంది, పాప మొహం చూస్తే మీకూ తెలుస్తుంది.

కొన్ని గైడుల్లో కారాన్ని కూడా రుచుల్లో కలిపేస్తున్నారు. మన షడ్రుచుల్లో కారం ఉంది, ఉగాది పచ్చడి వరకు ఆ లెక్క బ్రహ్మాండం. బయాలజీలో మాత్రం కారం అంటే మంటని, నొప్పిని చెప్పే నరాల సిగ్నల్. మిరపకాయలోని క్యాప్సైసిన్‌ని పట్టుకునే రిసెప్టర్‌ని 1997లో డేవిడ్ జూలియస్ టీమ్ కనిపెట్టింది, 2021లో ఆయనకి నోబెల్ కూడా వచ్చింది. పచ్చిమిర్చి కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే మండిపోతుంది కదా, కంట్లో రుచి మొగ్గలుంటాయా మరి?

ఇక మార్కు. బిట్ పేపర్లో కీకి నచ్చిందే పెట్టమనండి, ఒక్క మార్కు కోసం ఏడో క్లాసు పిల్లని యుద్ధానికి పంపక్కర్లేదు. రాసే ప్రశ్న అయితే పుస్తకంలో ఉన్నది ఒక లైను, ప్రయోగాల్లో తేలింది ఒక లైను రాయమనండి, అప్పుడు సున్నా వేయడానికి చెయ్యి రాదు. కీ మార్పించడం పెద్దవాళ్ల పని, దాని గురించి చివర్లో ఉంది.

ప్రశ్న: మా బాబు టెన్త్. హెరెడిటీ ప్రాజెక్టు అని ఇంట్లో అందరి నాలుకలు గొట్టంలా మడత పడతాయా, చెవి తమ్మెలు అతుక్కుని ఉన్నాయా అని టేబుల్ వేశాడు. నాకూ మా ఆవిడకీ నాలుక మడవడం రాదు, వాడికి వస్తుంది. వర్క్‌షీట్ ప్రకారం ఇది జరగదట. మా తమ్ముడు జోకులు మొదలుపెట్టాడు, మా ఆవిడ మాత్రం నవ్వట్లేదు. కాస్త క్లారిటీ ఇవ్వండి.
– ఓ తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు ఈ పేజీ మీ తమ్ముడి చేతిలో పెట్టండి.

నాలుక మడవడం ఒక్క డామినెంట్ జీన్ వల్ల, అంటే అమ్మా నాన్నల్లో ఒకరి నుంచి వచ్చినా చాలు బయటపడే జీన్ వల్ల వస్తుందని 1940లో రాసింది స్టర్టెవంట్. చిన్నాచితకా మనిషి కాదు, 1913లో ప్రపంచంలోనే మొదటి జీన్ మ్యాప్ గీసినాయన, అందుకే అందరూ నమ్మారు. 1952లో మాట్లాక్ అనే ఆయన ఒకేలా ఉండే కవల పిల్లల్ని, అంటే జీన్లన్నీ ఒకటే అయిన జంటల్ని 33 చూస్తే, 7 జంటల్లో ఒకరికి నాలుక మడత పడుతోంది, ఇంకొకరికి పడట్లేదు. ఒకే జీన్ ఆడించే ఆట అయితే అలా ఎలా కుదురుతుంది? స్టర్టెవంట్ పెద్దమనిషి, 1965లో తన పుస్తకంలో తానే ఒప్పుకున్నాడు, ఇంకా దీన్ని రుజువైన ఉదాహరణగా పుస్తకాల్లో చూస్తుంటే ఇబ్బందిగా ఉందని రాశాడు. ఆయన ఇబ్బంది పడి అరవై ఏళ్లయింది, వర్క్‌షీట్ తయారుచేసేవాళ్లు ఇంకా పడట్లేదు.

చెవి తమ్మెల సంగతీ అంతే. అతుక్కున్నవి, వేలాడేవి అని రెండే రకాలు అంటారు కానీ రేపు మెట్రోలో ఎదురు సీట్లో వరసగా కూర్చున్న వాళ్ల చెవులు చూడండి, మధ్య రకాలే ఎక్కువ కనిపిస్తాయి, ఏది ఏ గడిలో వేయాలో మీకే డౌటొస్తుంది. ఆ లక్షణం వెనక చాలా జీన్లు ఉన్నాయి. కళ్ల రంగు కూడా ఒక్క జీన్ కథ కాదు.

మరి పద్ధతిగా మెండెల్ చెప్పినట్టు నడిచేది మనుషుల్లో లేదా అంటే ఉంది, ఏబీఓ బ్లడ్ గ్రూపు. దానికీ ఒక మెలిక ఉంది, అదీ మన దేశంలోనే బయటపడింది. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన తోటివాళ్లు ఒక కొత్త బ్లడ్ గ్రూపు గురించి రాశారు, దాన్నే బాంబే బ్లడ్ గ్రూప్ అంటారు. వీళ్లు మామూలు టెస్టులో ఓ గ్రూపులాగే కనపడతారు, కానీ ఏ జీనో బీ జీనో లోపల దాక్కుని ఉండొచ్చు, అది పిల్లలకి వెళ్తుంది. అంటే రిపోర్టులో అమ్మా నాన్నా ఇద్దరూ ఓ, పిల్లాడు ఏ, అయినా పిల్లాడు వాళ్ల పిల్లాడే. చాలా అరుదు, కానీ ఉంది.

ఒక మాట అనాలనిపిస్తోంది. పిల్లల ఇళ్లల్లో వాళ్ల ఒంటి మీద ఈ హెరెడిటీ ప్రాజెక్టులు పెట్టడం నాకు అస్సలు నచ్చదు. క్లాసులో దత్తత తీసుకున్న పిల్లలుంటారు, ఆ టేబుల్ వాళ్ల ఇంట్లో ఏం చేస్తుందో ఎవరైనా ఆలోచించారా? మెండెల్ బఠాణీలు ఉన్నాయి, ఏడు లక్షణాలు ఉన్నాయి, అవి చాలవా పదో తరగతికి?

ప్రశ్న: నేను టెన్త్ సార్, తెలుగు మీడియం. మా నోట్స్‌ల చెట్లు పగలు కిరణజన్య సంయోగక్రియ చేస్తయ్, రాత్రి శ్వాసక్రియ చేస్తయ్ అని రాయించిన్రు. మా నాయనమ్మ ఏమో రావిచెట్టు రాత్రి గూడ ఆక్సిజన్ ఇస్తది, చింతచెట్టు కింద మాత్రం పండుకోవద్దు అంటది. ఎవలు కరెక్ట్?
– ఒక అబ్బాయి, మలక్‌పేట

జవాబు: ఇద్దరూ కాదు తమ్మీ.

చెట్టు బతికున్నంతసేపు శ్వాసిస్తూనే ఉంటుంది, పగలు, రాత్రి, ఇరవై నాలుగ్గంటలూ. నువ్వు పగలు అన్నం తింటున్నావని ఊపిరి ఆపుతావా? మరి నోట్స్‌లో అలా ఎందుకొచ్చిందంటే, ఎండ ఉన్నప్పుడు శ్వాసక్రియలో వచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ని ఆకు అక్కడికక్కడే కిరణజన్య సంయోగక్రియకి వాడేసుకుంటుంది, ఇంకా చాలక బయటి నుంచి తీసుకుంటుంది, అందుకని బయట నుంచి చూస్తే ఆక్సిజన్ రావడం మాత్రమే కనిపిస్తుంది. కనపడకపోతే జరగట్లేదని రాసేశారు.

నాయనమ్మ మాటకొస్తే, ఆక్సిజన్ వచ్చేది ఆకులో నీళ్లు విడిపోవడం వల్ల, అది వెలుతురు లేనిదే జరగదు. ఆకులు ఎండలోనే గాలిని బాగుచేస్తాయి, చీకట్లో కాదు అని ఇంగెన్‌హౌజ్ 1779లోనే చూపించాడు. ఆ ఆక్సిజన్ నీళ్లలోంచే వస్తుందని 1941లో రూబెన్, కామెన్ అనేవాళ్లు బరువైన ఆక్సిజన్ ఉన్న నీళ్లు వాడి తేల్చారు. రావి అయినా వేప అయినా తులసి అయినా దీనికి మినహాయింపు లేదు. కలబంద, నాగజెముడు లాంటివి రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ తీసుకుని దాచుకుంటాయి, బహుశా ఆ ముక్క ఎక్కడో విని రావిచెట్టుకి తగిలించారేమో. అవి కూడా ఆక్సిజన్ వదిలేది మాత్రం పగలే.

చింతచెట్టు కింద ఆరుబయట పడుకుంటే ఏం కాదు, దోమలు కుడతాయి. చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది. గదిలో పక్కన పడుకున్న మనిషి కూడా అదే వదుల్తాడు, ఆయన పక్కన పడుకోవద్దని ఎవరూ అనరు కదా. దయ్యం సంగతి నాయనమ్మతోనే మాట్లాడుకో, అది నా సబ్జెక్టు కాదు.

నీకు నీకే చూడాలని ఉంటే ఇది చెయ్. పాన్ డబ్బా దగ్గర కాస్త సున్నం తెచ్చి గ్లాసు నీళ్లలో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున పైన తేరిన తేట మాత్రం వంచుకో. మూత గట్టిగా పట్టే గాజు సీసాలు రెండు తీసుకో, ఒకదాంట్లో మొలకొచ్చిన పెసలు, ఇంకోదాంట్లో ఉడికించి చల్లార్చిన పెసలు వేసి, రెండింట్లోనూ చిన్న మూతలో ఆ తేట పోసి పెట్టు. పొద్దున పెట్టు, పగలే జరుగుతోందని తెలియాలి కదా. సాయంత్రానికి మొలకల సీసాలో తేట పాలలా తెల్లబడుతుంది, ఉడికినదాంట్లో పెద్దగా మారదు. మొలకలే ఎందుకంటే వాటిల్లో ఆకుపచ్చదనం ఇంకా పెద్దగా రాదు, కాబట్టి ఏదీ దాగదు. సున్నం కంట్లో పడనీయకు.

ప్రశ్న: ఆగస్టు 20 దోమల దినం అని పిల్లలకి చెప్తూ "మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనుగొన్నాడు" అని ఒక జీకే పుస్తకం చూసి బోర్డు మీద రాశాను. ఒక అమ్మాయి లేచి లావెరాన్ కదా మేడమ్ అంది. ఏది సరైనది?
– బయాలజీ టీచర్, సికింద్రాబాద్

జవాబు: అమ్మాయే కరెక్ట్ మేడమ్, ఆ పిల్లకి ఒక చాక్లెట్ బాకీ పడ్డారు.

పరాన్నజీవిని మొదట చూసింది లావెరాన్, ఫ్రెంచ్ మిలటరీ డాక్టర్, 1880లో అల్జీరియాలో, ఒక సైనికుడి రక్తంలో. మన రాస్ చేసింది దోమలో చూడటం. అది చిన్న పని అని కాదు, అసలు దోమకీ మలేరియాకీ సంబంధం ఉందని చూపించిన మొదటి గట్టి ఆధారం అదే, మన బేగంపేటలోనే జరిగింది. హుసేన్ ఖాన్ అనే మలేరియా పేషెంటుని దోమల చేత కుట్టించారు, రక్తం తాగిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఆయనకి ఇచ్చారు. ఆ దోమల్ని కొన్ని రోజులు బతికించి, 1897 ఆగస్టు 20న ఒకదాన్ని కోసి మైక్రోస్కోపు కింద పెడితే పొట్ట గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనపడ్డాయి. ఆ నలుపు లావెరాన్ చూసిన పరాన్నజీవిలో ఉన్న నలుపే. రాస్‌కి ఆ దోమ పేరు కూడా తెలీదు, రెక్కల మీద మచ్చలున్న దోమ అని రాసుకున్నాడు. అది అనాఫిలిస్.

అక్కడితో కథ పూర్తి కాలేదు. తర్వాత ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయింది, 1898లో కలకత్తాలో మనుషుల మలేరియా కాకుండా పిట్టల మలేరియా మీద పనిచేసి, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల దాకా వెళ్లి కుట్టినప్పుడు ఇంకో పిట్టకి ఎక్కుతుందని చూపించాడు. మనుషుల్లో అనాఫిలిస్ ద్వారా మొత్తం చక్రాన్ని అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం చూపించింది. దాని మీద రాస్‌కీ గ్రాసీకీ జన్మంతా తగాదా. నోబెల్ 1902లో రాస్‌కి వచ్చింది, 1907లో లావెరాన్‌కి. కాబట్టి బోర్డు మీద "దోమలో" అన్న ఒక్క మాట కలిపితే మీ వాక్యం సరిపోతుంది. వీలైతే పిల్లల్ని బేగంపేటలో ఆ బిల్డింగు దగ్గరికే తీసుకెళ్లండి, రాస్ పేరు మీదే ఉంది.

మలేరియా మీద ఇంకా పెద్ద తప్పు ఒకటి ఉండేది, ఇప్పుడు పోయింది. దోమ కుట్టగానే వచ్చే సూదుల్లాంటి కణాలు సూటిగా ఎర్ర రక్తకణాల్లోకి దూరడం కళ్లారా చూశానని 1903లో షౌడిన్ అనే పేరున్న జర్మన్ సైంటిస్టు రాశాడు. ఎవరికీ మళ్లీ కనపడలేదు, అయినా అంత పేరున్నాయన చూశానన్నాడు కదా అని పుస్తకాల్లో ఉండిపోయింది. అవి ముందు కాలేయంలోకి వెళ్తాయని షార్ట్, గార్న్‌హామ్ తేల్చింది 1948లో. దోమ కుట్టిన తర్వాత చాలా రోజులకి గానీ జ్వరం ఎందుకు రాదు అన్న ప్రశ్నకి అప్పటిదాకా సరైన జవాబే లేదు. మీ దగ్గరున్న చార్టులో కాలేయం ఉందో లేదో ఒకసారి చూడండి.

ప్రశ్న: నాకు ఎనభై ఆరు దాటాయి. నేను ఇంటర్ చదివే రోజుల్లో మనిషికి 48 క్రోమోజోములు అని బట్టీ పట్టించారు. మనవరాలు 46 అంటుంది. ఎప్పటికప్పుడు మారిపోయే సైన్స్‌ని నమ్మడం ఎలా?
– రిటైర్డ్ ఉద్యోగి, నల్లకుంట

జవాబు: నమస్కారమండీ. మీరు బట్టీ పట్టింది అప్పట్లో ప్రపంచం మొత్తం నమ్మిన లెక్కే. 1923లో పెయింటర్ అనే అమెరికన్ 46, 48 మధ్య కొంత ఊగిసలాడి 48కే ఖాయం అయ్యాడు, ఆ తర్వాత లెక్కపెట్టిన మంచి మంచి ల్యాబులు కూడా 48 అనే చూసుకున్నాయి. క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి కుప్పపడి ఉంటే లెక్కపెట్టడం కష్టం. ఉప్పు తక్కువున్న ద్రావణంలో వేస్తే కణం ఉబ్బి అవి విడివిడిగా పరుచుకుంటాయని 1952లో తెలిసింది. 1955 డిసెంబర్‌లో స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ త్జియో ఆ పద్ధతితోనే చూస్తే 46 వచ్చాయి, లెవాన్‌తో కలిసి 1956లో ప్రచురించాడు. కొద్ది రోజుల్లోనే మిగతావాళ్లూ లెక్కపెట్టుకుని ఒప్పుకున్నారు.

కాబట్టి మీ పుస్తకానిది తప్పు అనను, అప్పటికి అందిన జ్ఞానం అది. నాలుక మ్యాప్‌ది మాత్రం తప్పే అంటాను, ఎందుకంటే తేలిపోయిన తర్వాత కూడా వేస్తున్నారు. ఈ రెండింటికీ తేడా చూడకుండా "పుస్తకాలన్నీ అబద్ధాలు" అని కొట్టిపారేసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు, వాళ్లతో కాస్త జాగ్రత్త.

ప్రశ్న: సిరల్లో రక్తం నీలంగా ఉంటుందా?
– ఐదో తరగతి, ఉప్పల్

జవాబు: ఉండదు నాన్నా. ముదురు ఎరుపు. బ్లడ్ టెస్టుకి చేతి నుంచి తీసేది సిర నుంచే, ఈసారి ట్యూబులో రంగు చూడు. చర్మం గుండా వెలుతురు వెళ్లి తిరిగొచ్చే తీరు వల్ల పై నుంచి నీలంగా కనిపిస్తుంది. పుస్తకంలో నీలం రంగు గుర్తు కోసం వేస్తారు, ఆ మాట బొమ్మ కింద రాయరు, అదే చిక్కు.

ప్రశ్న: ఇవన్నీ సరే, తప్పు కనపడితే ఎవరికి రాయాలి? రాస్తే పట్టించుకుంటారా?
– గవర్నమెంట్ స్కూల్ టీచర్, రంగారెడ్డి జిల్లా

జవాబు: రాష్ట్ర ప్రభుత్వ పుస్తకమైతే బషీర్‌బాగ్‌లో, ఎల్‌బీ స్టేడియం ఎదురుగా ఎస్‌సీఈఆర్‌టీ ఉంది, డైరెక్టర్ పేరు మీద పంపండి. సీబీఎస్‌ఈ పిల్లల పుస్తకమైతే ఢిల్లీలో ఎన్‌సీఈఆర్‌టీకి. గైడు అయితే మొదటి పేజీల్లో ఉన్న పబ్లిషర్ అడ్రసుకి. "మీ పుస్తకం నిండా తప్పులే" అని నాలుగు పేజీల ఆవేశం రాస్తే ఫైల్లోకి పోతుంది. ఒక ఉత్తరం, ఒక తప్పు. క్లాసు, ముద్రణ సంవత్సరం, పేజీ, లైను, ఉన్నది ఇది, ఉండాల్సింది ఇది, ఎందుకంటే ఇది. మన పుస్తకాలు ఇప్పుడు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ కదా, రెండు పక్కలా చూసి రాయండి, ఒక పక్క సరిచేసి ఇంకో పక్క వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. జూన్‌లో బడి తెరిచేసరికి కొత్త పుస్తకం చేతికి రావాలంటే ప్రింటింగ్ చాలా ముందే మొదలవుతుంది, అందుకని దసరా సెలవుల్లో రాసి పంపితే మేలు.

పట్టించుకుంటారా అంటే, తలుచుకుంటే ఎంత తొందరగా అవుతుందో 2024 జూన్‌లో చూశాం. తెలుగు పుస్తకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు ఉండిపోయిందని బడుల నుంచి వెనక్కి తెప్పించి, ఆ పేజీలు అతికించమన్నారు. ఆ ఓపికలో సగం నాలుక బొమ్మ మీద పెట్టినా చాలు.

పుస్తకం మారితే సరిపోదు, కీ కూడా మారాలి. అదే ఏడాది నీట్‌లో ఒక ఫిజిక్స్ ప్రశ్నకి పాత ఎన్‌సీఈఆర్‌టీ ప్రకారం ఒక జవాబు, కొత్తదాని ప్రకారం ఇంకో జవాబు వస్తుంటే రెండింటికీ మార్కులిచ్చారు. సుప్రీంకోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులు ముగ్గురిని అడిగించి ఒకటే కరెక్టని తేలిస్తే, రెండోది పెట్టిన నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకి ఐదేసి మార్కులు పోయాయి. అక్క పుస్తకమో అన్న పుస్తకమో చదువుకున్న పిల్లలు వాళ్లలో ఎంతమందో! అందుకే పుస్తకం మారినప్పుడు ఏ లైను మారిందో ఒక సర్క్యులర్‌లో వేసి బడులన్నిటికీ పంపమని కూడా మీ ఉత్తరంలో అడగండి. ఎప్‌సెట్‌కి ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరాలు తీసుకుంటారు, ఆ కొద్ది రోజుల గడువు దాటనివ్వకండి. మీ స్కూలు యూనిట్ టెస్టు కీ అయితే ఎవరినీ అడగక్కర్లేదు, మీ చేతిలోనే ఉంది.

వచ్చే సంచికకి జంతుశాస్త్రం బొమ్మల్లో తప్పులు తీసుకుంటున్నాం. పేజీ ఫోటో, ముద్రణ సంవత్సరం లేని ఉత్తరాలు ఈసారి చూడం, ముందే చెప్తున్నాం.